మిగ్‌జాం తుపాను రోజుల్లో, కరెంటు లేని ఇంట్లో పిల్లలతో

చెన్నైలో పిల్లలను పెంచుతున్నవారికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే ఈశాన్య రుతుపవనాల కాలం ఏటా వచ్చే పరీక్ష. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇవ్వగానే కలెక్టరు బడులకు సెలవు ప్రకటిస్తారు, ఆ వెంటనే వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి, ప్రమాదాలు జరగకుండా కరెంటు తీసేస్తారు. పెద్దలు బియ్యం, పాలు, మంచినీళ్ళ సంగతి చూసుకుంటూ ఉండగా పిల్లలు నాలుగు గోడల మధ్య ఏమి చేయాలో తెలియక తిరుగుతూ ఉంటారు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మడిపాక్కంలోని మా ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో, ఏ పనులు పిల్లలను నిలబెట్టాయో, ఏవి నిలబెట్టలేకపోయాయో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇలాంటి సెలవులు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి కనుక ఇది ఎవరికైనా పనికి వస్తుందని నా నమ్మకం.

మేము ఉండేది రెండో అంతస్తులో. మా పెద్దమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు, చిన్నవాడికి ఏడు. మా అత్తయ్య బాపట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. డిసెంబరు 4, సోమవారం నాడు కింది ఇంట్లోకి నీళ్ళు రావడంతో అక్కడి తమిళ కుటుంబాన్ని పైకి రమ్మన్నాము. వాళ్ళకూ ఇద్దరు పిల్లలు. అలా నలుగురు పిల్లలు, ఐదుగురు పెద్దలు ఒకే ఇంట్లో, కరెంటు లేకుండా, సెల్‌ఫోన్లకు సిగ్నల్ సరిగా అందకుండా కొన్ని రోజులు ఉన్నాము.

టాబ్లెట్‌లో ఇంకా కొంత చార్జి ఉంది. పిల్లలకు అది తెలుసు. దాన్ని ఇవ్వాలా వద్దా అని నేనూ మా వారూ ముందే మాట్లాడుకుని, ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాము. ఉన్న చార్జి రెండు గంటలకు మించి రాదు. అది అయిపోయిన క్షణంలో నలుగురు పిల్లల ఏడుపూ ఒక్కసారి మొదలవుతుంది, అప్పటికి మన చేతిలో ఇంకేమీ మిగలదు. మధ్యలో ఆగిపోయే వినోదం కంటే మొదటి నుంచీ లేకపోవడమే పిల్లలకు తేలికని నా అభిప్రాయం. అందుకని టాబ్లెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాము. ఫోన్లలో ఒకదాన్ని మాత్రం అత్యవసరానికి ఉంచి తక్కినవి ఆపేశాము. ఈ విషయం పిల్లలకు దాచకుండా చెప్పాము. "ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, పడవ కావలసి వస్తే ఫోను చేయాలి, అందుకని చార్జి దాచుకుంటున్నాము" అని చెప్పినప్పుడు చిన్నవాడు కూడా మారు మాట్లాడలేదు. పళ్ళికరణై, వేళచ్చేరి వైపు పడవల్లో జనాన్ని తరలిస్తున్నారన్న కబురు అప్పటికే మా వీధికి చేరింది.

మొదటి పని వాన మొదలయ్యే ముందే, ఆదివారం సాయంత్రమే మొదలైంది. కాఫీపొడి పోసుకునే స్టీలు డబ్బా ఒకటి, అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్నది చూసి తీసి, మా వారు దాన్ని మేడ మీద ఆరుబయట ఇటుకల మధ్య కదలకుండా బిగించి వచ్చారు. డబ్బా మూతి, అడుగు ఒకే వెడల్పు ఉంటే అందులో నిలిచిన నీటి ఎత్తే అక్కడ కురిసిన వాన కొలత. డబ్బా సన్నదైనా వెడల్పుదైనా ఆ ఎత్తు మారదు. ఇది పిల్లలకు మాటలతో ఎక్కలేదు. వంటింట్లో ఒక చిన్న గిన్నె, ఒక పెద్ద గిన్నె పక్కపక్కన పెట్టి జల్లెడలోంచి నీళ్ళు చల్లి చూపించాక ఎక్కింది. వాతావరణ శాఖ రోజూ ఉదయం 8:30 గంటలకు కొలత తీసి ముందు ఇరవై నాలుగు గంటల వానను లెక్కకడుతుంది. మేమూ అదే వేళ పెట్టుకున్నాము. మేడ మీదికి మాత్రం పిల్లలను పోనివ్వలేదు. గాలి తగ్గిన నిమిషం చూసి పెద్దవాళ్ళే వెళ్ళి డబ్బాను కిందికి తెచ్చేవారు, పిల్లలు స్కేలుతో కొలిచేవారు.

సోమవారం ఉదయం తెచ్చిన డబ్బా అంచు దాకా నిండి ఉంది. పిల్లలకు మొదట ఎంతో సంతోషం కలిగింది, తర్వాత సందేహం వచ్చింది. నిండిన డబ్బా ఎంత వాన పడిందో చెప్పదు, కనీసం ఇంత పడిందని మాత్రమే చెబుతుంది. మా పెద్దమ్మాయి చాలాసేపు ఆలోచించి నోటుపుస్తకంలో "18 సెంటీమీటర్ల కంటే ఎక్కువ" అని రాసింది. ఒక రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే దాన్ని అత్యంత భారీ వర్షం అంటారని, 115.6 నుంచి 204.4 వరకు అతిభారీ అని, 64.5 నుంచి 115.5 వరకు భారీ అని వాతావరణ శాఖ పెట్టుకున్న హద్దులను నేను చెప్పగానే, తమ డబ్బాకు ఏ పేరు పెట్టాలో తేలక నలుగురూ వాదించుకున్నారు. ఆ వాదన మధ్యాహ్నం దాకా నడిచింది. నేను కల్పించుకోలేదు.

దానికి కొనసాగింపుగా ఇంకో లెక్క వచ్చింది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మా మేడ సుమారు వంద చదరపు మీటర్లు ఉంటుంది కనుక వంద మిల్లీమీటర్ల వానకు పదివేల లీటర్లు, అంటే వేసవిలో మా వీధిలోకి వచ్చే నీళ్ళ ట్యాంకరు లారీ కంటే ఎక్కువ. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండిపోయి నీళ్ళ కోసం బిందెలతో నిలబడిన రోజులు పెద్దమ్మాయికి లీలగా గుర్తున్నాయి. అన్ని నీళ్ళు ఎక్కడికి పోయాయని ఆమె అడిగిన ప్రశ్నకు జవాబుగా, తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ తప్పనిసరి చేసిన వాననీటి గుంత మా ఇంటి వెనుక ఎక్కడుందో, మేడ మీది గొట్టం దానిలోకి ఎలా దిగుతుందో బొమ్మ గీసి చూపించాము. ఆ సాయంత్రం నుంచి మేడ గొట్టం కింద బకెట్లు పెట్టి మరుగుదొడ్లకు నీళ్ళు పట్టడం, ఎన్ని బకెట్లు నిండాయో, ఎన్ని వాడామో గోడ మీద సుద్దతో గీతలు గీయడం కింది ఇంటి అబ్బాయి బాధ్యత అయింది. మోటారు నడవదు కనుక ట్యాంకులో ఉన్న నీళ్ళే తాగడానికీ వంటకూ మిగలాలి. ఆ లెక్క నిజంగానే మాకు అవసరం. అది నిజమైన అవసరమని తెలియడం వల్లే ఆ పిల్లవాడు ఒక్క పూట కూడా దాన్ని వదిలిపెట్టలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెద్దమ్మాయి వయసు పిల్లలకు మామూలు ఆటలు చాలవు. ఆమె కోసం ఒక పెద్ద అట్ట మీద తూర్పు తీరం గీసి, దక్షిణాన చెన్నై నుంచి పైకి పులికాట్ సరస్సు, నెల్లూరు, కావలి, ఒంగోలు, చీరాల, బాపట్ల వరుసగా గుర్తించాము. అత్తయ్య పెట్టెలో ఉన్న పాత ట్రాన్సిస్టరుకు రెండు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే ఆకాశవాణి వచ్చింది. వార్తల్లో తుపాను ఎక్కడ ఉందో, ఎటు కదులుతోందో చెప్పినప్పుడల్లా ఆమె అట్ట మీద ఒక చుక్క పెట్టి పక్కన వేళ రాసేది. మా పిల్లలు బడిలో తమిళం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ రాయడం అంతగా రాదు. అత్తయ్య పక్కన కూర్చుని ఊళ్ళ పేర్లు తెలుగులో రాయించారు. నెల్లూరులోని ద్విత్వం, ఒంగోలులోని సున్న, బాపట్లలోని వత్తు ఇవన్నీ ఆ అట్ట మీదే ఆమెకు వచ్చాయి.

వంటింటి కిటికీ గ్రిల్లుకు ఒక దారపు పోగు కట్టి గాలి ఎటు నుంచి వస్తోందో చూడడం చిన్నవాడి పని. మన భూగోళ భాగంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. అందువల్ల గాలికి వీపు చూపించి నిలబడితే తుపాను కేంద్రం మన ఎడమ చేతి వైపు ఉంటుంది. చిన్నవాడు హాల్లో నిలబడి, దారం చూసి, వీపు తిప్పి, ఎడమ చెయ్యి చాపి "అక్కడ ఉంది" అని అట్ట వైపు పరిగెత్తేవాడు. సోమవారం ఉదయం వాడి చెయ్యి తూర్పు వైపు సముద్రాన్ని చూపించింది, రాత్రికి ఉత్తరం వైపుకు, అంటే నెల్లూరు వైపుకు తిరిగింది. ట్రాన్సిస్టరులో వచ్చిన వార్త, వాడి చెయ్యి ఒకటే చెప్పడం ఆ ఇంట్లో అందరికీ ఉత్సాహం ఇచ్చింది.

ఆ ఉత్సాహంలోనే ఒక కష్టమైన ప్రశ్న వచ్చింది. "నానమ్మా, ఇది ఇప్పుడు మీ ఊరికి వెళ్తోందా?" అని చిన్నవాడు అడిగాడు. "వెళ్తోంది నాన్నా. అందుకే మీ బాబాయిని నిన్ననే సామాను మేడ మీద గదిలోకి చేర్చుకోమన్నాను" అని అత్తయ్య నెమ్మదిగా చెప్పారు. ఆమె 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన తరం. ఆ రాత్రి సంగతులు పిల్లలకు చెప్పవచ్చునా అని నన్ను పక్కకు పిలిచి అడిగారు. పిల్లలు మోయగలిగినంత చెప్పమన్నాను. ఆమె చావుల జోలికి పోకుండా, గాలికి తాటిచెట్లు ఎలా వంగాయో, మిద్దె ఉన్న ఇంట్లో ఊరివాళ్ళంతా ఎలా చేరారో, మర్నాడు ఆ ఇంటివారు పెద్ద గంగాళంలో గంజి కాచి అందరికీ ఎలా పోశారో చెప్పారు. అప్పట్లో ముందుగా హెచ్చరిక అందే ఏర్పాటు ఇంతగా లేదని, ఇప్పుడు రేడియోలో గంటగంటకూ చెబుతున్నారని, బాబాయి వాళ్ళు జాగ్రత్తపడ్డారని చెప్పి ముగించారు. పిల్లల భయాన్ని ఏమీ లేదని కొట్టివేయడం కంటే, ఏమి జరుగుతోందో, పెద్దలు ఏ ఏర్పాట్లు చేశారో చెప్పడమే వాళ్ళకు ధైర్యం ఇస్తుందని ఆ రోజు కళ్ళారా చూశాను. తుపాను మంగళవారం, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఫోను కలిసి, మా మరిది గొంతు వినిపించేదాకా ఆ అట్ట దగ్గర నుంచి పిల్లలు కదలలేదు.

ఇక ఆటల సంగతి. అత్తయ్య ఊరి నుంచి తెచ్చిన చింతపండులో గింజలు తీయలేదు. ఆ గింజలు తీయడమే ఒక పూట పని అయింది. తీసిన వాటిని కడిగి, తుడిచి, గట్టివి ఏరి వామనగుంటలకు పక్కన పెట్టాము. కొన్నింటిని గరుకు గచ్చు మీద ఒక వైపు తెల్లబడేదాకా అరగదీస్తే గవ్వలకు బదులు అష్టాచమ్మాకు సరిపోయాయి. వామనగుంటల పీట మా దగ్గర లేదు. పద్నాలుగు కాగితపు కప్పులను రెండు వరుసలుగా, వరుసకు ఏడు చొప్పున పెట్టి, కప్పుకు ఐదేసి గింజలు వేశాము. కింది ఇంటి పిల్లల నాయనమ్మకు ఈ ఆట పల్లాంగుళిగా బాగా తెలుసు. ఆ ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరికి తమిళం, మరొకరికి తెలుగు అంతగా రాకపోయినా ఎదురెదురుగా కూర్చుని ఆడుతూ ఉంటే, పిల్లలు చుట్టూ చేరి ఎవరి చేతిలో ఎన్ని గింజలున్నాయో, చివరి గింజ ఏ కప్పులో పడుతుందో ముందే లెక్కకట్టేవారు. ఖాళీ కప్పు వచ్చాక దాని తర్వాతి కప్పులోని గింజలన్నీ మనవవుతాయి కనుక, గింజలు ఎక్కడ ఆగుతాయో ముందుగా చూడగలిగినవారే గెలుస్తారు. ఏడేళ్ళ పిల్లవాడు వేళ్ళు మడవకుండా పన్నెండు, పదమూడు కప్పుల దూరం లెక్క వేయడం ఆ రోజుల్లోనే నేర్చుకున్నాడు.

నాకు అన్నిటికంటే నచ్చినది పులిజూదం. నేల మీద సుద్దతో గీసుకునే ఆ పటంలో ఇరవైమూడు కూడళ్ళు ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపాలంటే మేక వెనుక కూడలి ఖాళీగా ఉండాలి. మేకలకు దూకే శక్తి లేదు, పులులు కదలకుండా దారులన్నీ మూసివేయడమే వాటి గెలుపు. పిల్లలు మొదట అందరూ పులులే కావాలంటారు. మేకలు పట్టినవారు మొదట్లో ఓడిపోతూనే ఉంటారు. ఇక్కడ పెద్దలు చేయవలసినది ఒక్కటే, మనసు పెట్టి ఆడడం. పిల్లలను గెలిపించడానికి కావాలని తప్పు ఎత్తు వేస్తే వాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆట మీద గౌరవం పోతుంది. మా వారు మూడు పులులతో నిజంగా వేటాడారు. చిన్నవాడు చాలా ఆటలు ఓడాక ఒక మధ్యాహ్నం, ప్రతి మేక వెనుకా ఇంకో మేకను నిలబెట్టుకుంటూ వస్తే పులి దూకలేదని తనంతట తాను కనిపెట్టాడు. ఆ ఎత్తు ఎవరూ చెప్పలేదు. మూడు పులులనూ మూల కట్టేసిన తర్వాత వాడి ముఖం చూసి కింది ఇంటివారు కూడా చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి మేకల కోసమే పోటీ.

అయితే కూర్చుని ఆడే ఆటలు ఎంత మంచివైనా, ఒంట్లోని శక్తి ఖర్చు కాకపోతే పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటారు. ఉదయం పది గంటల వేళ ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పరుగు ఆటలు ఉండి తీరాలి. హాల్లోని సామాను గోడకు జరిపి తొక్కుడుబిళ్ళ గీశాము. నేలా-బండా ఆటకు చాపలు, పీటలు బండలయ్యాయి. ఆడపిల్లలు ఇద్దరూ చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగారు. మెట్ల మీద కింది మలుపు దాకా దిగి ఎక్కడం కూడా ఒక ఆటే, కానీ నీళ్ళు కనిపించే మెట్టు దగ్గర ఎర్ర రిబ్బను కట్టి దాన్ని దాటరాదని చెప్పాము. ఈ ఒక్క నియమంలో సడలింపు ఇవ్వలేదు. వీధిలో నిలిచిన నీళ్ళలో తెగిన కరెంటు తీగలు ఉండవచ్చు, మూత లేని మురుగు గుంతలు ఉండవచ్చు, పాములు రావచ్చు. కాగితపు పడవలు వదలాలన్న కోరిక పిల్లలందరికీ ఉంటుంది. మేము వాటిని పెద్ద బేసిన్‌లోనే వదిలించాము, ఏ పడవ ఎన్ని చింతగింజల బరువు మోస్తుందో పందెం పెట్టాము. అడుగు వెడల్పుగా మడిచిన పడవ గెలిచింది.

వాన కురుస్తున్న రోజు పిల్లలను చూసుకోవడం నిజానికి కష్టం కాదు. గాలి చప్పుడు, కిటికీ మీద జల్లు, కొమ్మ విరిగిన శబ్దం, ఇవన్నీ వాళ్ళను కట్టిపడేస్తాయి. కష్టమంతా వాన ఆగిన తర్వాతే మొదలవుతుంది. మంగళవారం నుంచి ఆకాశం తెరిపి ఇచ్చింది, కానీ నీళ్ళు తీయలేదు, కరెంటు రాలేదు, ఆ వారమంతా బడి లేదు. "వాన లేదు కదా, ఎందుకు బయటికి వెళ్ళకూడదు?" అన్న ప్రశ్న రోజంతా వినిపించింది. ముందుగా అనుకున్న ఆటలన్నీ మొదటి రోజే ఆడించకుండా కొన్నింటిని దాచుకోవడం అప్పుడు అక్కరకు వచ్చింది. అష్టాచమ్మాను, బొమ్మలాటను ఆ రెండో దశ కోసమే ఉంచాము.

అన్నిటికంటే బరువైన సమయం సంధ్య. డిసెంబరులో చెన్నైలో ఐదు గంటల నలభై నిమిషాలు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. ఊరంతా చీకటి. నిద్రవేళకు ఇంకా మూడు గంటలు ఉంటుంది. కొవ్వొత్తులు పొదుపుగా వాడాలి కనుక అన్నాలు వెలుగు ఉండగానే ముగించి, అందరం ఒకే గదిలో, ఒకే దీపం దగ్గర కూర్చునేవాళ్ళము. కొవ్వొత్తిని నీళ్ళు పోసిన వెడల్పు పళ్ళెం మధ్యలో నిలబెట్టి, కర్టెన్లకు దూరంగా, పెద్దలు ఒకరు ఎప్పుడూ పక్కన ఉండేలా చూసుకున్నాము.

మొదట పొడుపుకథలు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలని చెప్పడానికి పిల్లలు చాలాసేపు ఇంట్లోని తలుపులన్నీ తలచుకున్నారు. "తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు" అంటే కాగితం మీది అక్షరాలని కింది ఇంటి అమ్మాయే ముందు విప్పింది. ఆ తర్వాత అత్తయ్య ఏడు చేపల కథ చెప్పారు. ఎండని చేపను ఎందుకు ఎండలేదని అడిగితే అది గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద, అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోయే కథ అది. దాన్ని విన్న మర్నాడు పిల్లలు తమ కథ తామే కట్టుకున్నారు. "కరెంటూ కరెంటూ, ఎందుకు రాలేదు?" "వీధిలో నీళ్ళున్నాయి." "నీళ్ళూ నీళ్ళూ, ఎందుకు పోలేదు?" "చిత్తడినేల నిండిపోయింది." "చిత్తడినేలా, ఎందుకు నిండావు?" "కాలువ తీసుకోలేదు." "కాలువా, ఎందుకు తీసుకోలేదు?" "సముద్రం పొంగి ఉంది." "సముద్రమా, ఎందుకు పొంగావు?" "తుపాను గాలి తోసింది." ఇందులో ఒక్క మాట కూడా కల్పన కాదు. మా ప్రాంతపు నీళ్ళు పళ్ళికరణై చిత్తడినేలలో చేరి, ఒక్కియం మడువు అనే నీటిదారి దాటి బకింగ్‌హాం కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. సముద్రం ఎత్తుగా ఉన్నప్పుడు ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ పటాన్ని పగలు పిల్లలకు వివరించినది మా వారు, దాన్ని కథగా మలచినది పిల్లలు. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలలను గుర్తించే రామ్‌సర్ జాబితాలో 2022లో చేరిన ఆ చిత్తడినేల పక్కనే పెరుగుతున్న పిల్లలకు దాని పని ఏమిటో తెలియడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

బొమ్మలాట మా చివరి రాత్రుల పని. అత్తయ్య చిన్నతనంలో ఊరి బయలులో తోలుబొమ్మలాట చూశారు. రామాయణ ఘట్టాల మధ్య కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవారని చెబుతూ వాళ్ళ గొంతులు అనుకరించి చూపించారు. అసలు తోలుబొమ్మలు మేకతోలును కాంతి చొరబడేంత పలచగా చేసి, రంగులు అద్ది తయారు చేస్తారు కనుకనే తెర మీద నల్లని నీడ కాక రంగుల బొమ్మ కనిపిస్తుంది. మా దగ్గర తోలు లేదు. తెల్ల కాగితం మీద బొమ్మ గీసి, స్కెచ్ పెన్నులతో దట్టంగా రంగు వేసి, పైన కొబ్బరినూనె పలచగా రాస్తే కాగితం కాంతిని వదులుతుంది. పాత క్యాలెండరు అట్టతో అంచులు కట్టి, చీపురుపుల్లలు అతికించి, చేతులు, కాళ్ళు దారంతో కలిపాము. గుమ్మానికి తెల్లపంచె కట్టాము. గుడ్డ దగ్గర నిప్పు ఉండకూడదు కనుక ఇక్కడ మాత్రం కొవ్వొత్తి వద్దని టార్చిలైటు వాడాము. బొమ్మను పంచెకు ఆనించి పట్టుకుంటే గీతలు స్పష్టంగా వస్తాయని, వెనక్కి, వెలుగు వైపుకు తెచ్చేకొద్దీ నీడ పెద్దదై అంచులు మసకబారుతాయని పిల్లలే గమనించి, రాక్షసుడు పెరిగే ఘట్టానికి దాన్ని వాడుకున్నారు. రెండు పగళ్ళు బొమ్మలు చేయడానికే సరిపోయాయి. ఆటకు కింది ఇంటి అబ్బాయి తమిళంలో, మావాడు తెలుగులో మాటలు చెప్పారు, చూసినవాళ్ళకు రెండూ అర్థమయ్యాయి.

పని చేయనివి కూడా ఉన్నాయి. అంత్యాక్షరి కొద్దిసేపటికే పెద్దలదైపోయింది, పిల్లలకు అన్ని పాటలు రావు. బడి పుస్తకాలు చదివించాలన్న నా ఆలోచనకు మొదటి రోజు తప్ప చోటు దొరకలేదు, దానికి నేను పట్టుబట్టలేదు. గంట గంటకూ ఒక కొత్త పని ఇవ్వడం కూడా మంచిది కాదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక గంట ఎవరినీ ఎవరూ పలకరించకుండా, ఎవరి మూలలో వాళ్ళు ఉండాలన్న ఏర్పాటు పెట్టాక సాయంత్రం తగవులు బాగా తగ్గాయి. చాలామంది ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉండే వీలు పిల్లలకూ కావాలి.

డిసెంబరు 11న బడులు తెరిచాక ఆ సామానంతా ఒక ప్లాస్టిక్ డబ్బాలో సర్ది అటక మీద పెట్టాము. చింతగింజలు, అరగదీసిన పిక్కలు, సుద్దముక్కలు, దారపు ఉండ, పటం గీసిన అట్ట, కాగితపు బొమ్మలు, రెండు జతల బ్యాటరీలు, ట్రాన్సిస్టరు. ఏటా సెప్టెంబరు చివర దాన్ని దింపి, బ్యాటరీలు మార్చి, పురుగు పట్టిన గింజలు తీసేస్తాము. 2024 అక్టోబరు మధ్యలో రెడ్ అలర్ట్ వచ్చి, జనం కార్లన్నీ వేళచ్చేరి వంతెన మీద నిలిపిన రోజున, పెద్దమ్మాయే డబ్బా దింపి, కాఫీపొడి డబ్బాకు బదులు అంతకు రెట్టింపు ఎత్తు ఉన్న ప్లాస్టిక్ గొట్టానికి అడుగు మూసి మేడ మీద పెట్టమని వాళ్ళ నాన్నకు ఇచ్చింది. నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు అట్ట మీద దక్షిణం వైపు చోటు చాలక, కడలూరు దాకా ఇంకో అట్ట అతికించి, కొత్త ఊళ్ళ పేర్లు రాయించడానికి నానమ్మను పిలిచింది.